దుమ్ము పట్టిన సీసాలు

1978 మే నెలలో సంపూర్ణమ్మ హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చింది. పద్మావతి నడిపి, ముగించి వెళ్లిన ప్రాజెక్టు ఎంతవరకు ఫలించిందో చూసి రిపోర్టు రాయాలి. విదేశాలతో కుదిరిన పర్యావరణ ఒప్పందాలు నిలబెట్టుకోవడానికి, నీటి కాలుష్యాన్ని కొలవడం మనవాళ్లకు నేర్పిన ప్రాజెక్టు అది. దాని అధికారి పోస్టుకు ఇద్దరూ పోటీపడ్డారు. పద్మావతికి దక్కింది. ఇప్పుడు రిపోర్టు బాగుంటే రెండో ప్రాజెక్టూ ఆమెకే వస్తుంది.

పటమట ల్యాబులో కాలువ నీళ్లు పట్టే సీసాలన్నీ బోర్లించి ఉన్నాయి. వాటిమీద దుమ్ము చూడగానే సంపూర్ణమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఆవిడ వెళ్లగానే పని మూలపడిందన్నమాట!" అంటూ రిపోర్టులో ఆ మాటే రాసేసింది.

అక్కడ శిక్షణ పొందిన లాజరు తెల్లబోయాడు. "మేడంగారూ, మీది ఈ ఊరి గుణదలే కదండీ?"

"అయితే?"

"ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కదండీ! బందరు కాలవలో ఇప్పుడు గేదెలు నడుస్తన్నాయి. నీళ్లెక్కణ్ణించి పట్టమంటారు?"

లోపలి గది తలుపు తీశాడు. బల్ల నిండా బావినీళ్ల సీసాలు.

"కాలవలు కట్టేసినప్పుడు బావులు చూడమని పద్మావతమ్మగారే చెప్పారండీ. ఎంత ముందుచూపో ఆవిడకి!"

ఎండిన కాలువలో అడ్డంపడి బడికెళ్లిన మనిషే సంపూర్ణమ్మ. రాసింది కొట్టేసింది. శిక్షణ నిలబడిందనీ, రెండో ప్రాజెక్టు ఇవ్వవచ్చనీ రాసింది. పద్మావతి పేరు రాయాల్సిన చోట మాత్రం కలం ఆగింది.

"అప్పటి అధికారి" అని రాసి సంతకం పెట్టింది.