గాజుల ఆపా పట్టుకున్న చేతులు

పోయిన శుక్రవారం పొద్దున గాజుల ఆపా చనిపోయింది. నేను వాకిట్లో కందులు చెరుగుతుంటే ఆమె కోడలు వచ్చి నిలబడింది. ఏడవలేదు. "పెద్దమ్మా, అమ్మీ లేదు" అన్నది, అంతే. చేట పక్కన పెట్టి నేనే ఏడ్చాను. ఆ రోజు తాండూరులో మా గల్లీ ఆడవాళ్లు అరుగుల మీద కూర్చొని తమ చేతులు తామే చూసుకున్నారు. వాటిలో ఆమె గాజులు తొడగని చెయ్యి లేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. బళ్లో పాఠాలు చెప్పే పిల్ల. ఇందులో వచ్చే కథ తనదే. నీకు ఇష్టమేనా అని అడిగాను. "రాస్త పెద్దమ్మా, నడుమ నడుమ నువ్వు తిట్టే తిట్లు మాత్రం రాయ" అన్నది. కాబట్టి తిట్లు మీరే కలుపుకొని చదవండి. ఆపాతోపాటే ఆమె పెట్టిన కట్టుబాటు కూడా పోయిందని బజారులో కొందరు అప్పుడే ఊపిరి పీల్చుకుంటున్నారు. వాళ్లకోసమే ఇది రాయిస్తున్నాను.

నిజాం రాజ్యం పోయి పోలీస్ యాక్షన్ అయిన ఏడు ఆపా భర్త ఇంటికి తిరిగి రాలేదు. ఇద్దరు పిల్లలతో మా పక్క గదిలో దిగింది. నెత్తిన గాజుల మలారం పెట్టుకొని ఒకరోజు యాలాల్, ఒకరోజు కరణ్‌కోట తిరిగేది. బేస్తవారం మాత్రం రైలెక్కి వికారాబాద్ పోయేది. సాయిబులామె అని గడప బయటే కూర్చోబెట్టే ఇండ్లలో కూడా గాజులు కావాలంటే చెయ్యి ఆమె చేతికే ఇవ్వాలి కదా.

వేళ్లన్నీ దగ్గరికి చేర్చి, బొటనవేలు లోపలికి మడిచి, మెత్తగా పిసికి పిసికి ఎక్కించేది. ఆ పిసకడంలోనే ఆమెకు వాత తెలిసేది, తాడు కట్టిన గుర్తు తెలిసేది. తెలిసిన వెంటనే ఇంటామెతో "గొంతు ఎండుతున్నదమ్మా, జర మంచినీళ్లు" అనేది. ఇంటామె లోపలికి పోయి వచ్చేలోపు, చెయ్యి ఇచ్చిన కోడలో, పనిపిల్లో ఒక మాట చెప్పుకునేది. తర్వాత ఆపా ఆ మాట నాకు మోసుకొచ్చేది. చూడడం ఆమె వంతు, ఆ ఇంటి ముందు నిలబడి నోరు చేసుకోవడం నా వంతు. వాత పడిన పిల్లలు మా రెండు గదుల్లో ఎందరు పడుకొని లేచారో!

"ఎన్ని చెంబుల నీళ్లు తాగుతవ్ ఆపా, కడుపుల బాయి ఉన్నదా?" అని గల్లీ ఆడవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

"ఉన్నదే. మీ ముచ్చట్లన్ని అండ్లనే ఏసిన. జర మర్యాదగ మాట్లాడురి" అనేది.

గాజు పగిలితే 'పగిలింది' అనడం అశుభమని, 'పెరిగింది' అనాలని మాకు చిన్నప్పుడే నేర్పారు. ఆమె మాత్రం అట్లా అనేది కాదు. "పలిగిందనకుంటే, ఎట్ల పలిగిందని అడిగేదెవరే?" అనేది.

ఇక నా తప్పు చెబుతాను. చెల్లెలు పురిట్లో పోతే దాని బిడ్డ నా దగ్గరే పెరిగింది. నేను బండల గనిలో తట్ట మోసేదాన్ని. వానలు లేని ఒక ఏడు రెండో రొట్టె పెట్టలేక, తొమ్మిదేండ్ల పిల్లను వికారాబాద్‌లో ఒక పెద్దింట్లో పసివాణ్ణి ఆడించే పనికి పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు. పెట్టింది నేనే.

పోయేముందు ఆపా ఆ చేతులకు పన్నెండు ఎర్రగాజులు బిగుతుగా తొడిగింది. "నెలకో బేస్తవారం వస్త బిడ్డా, నిన్ను సూసే వస్త" అన్నది. పోయింది కూడా. కానీ ఆ ఇంట్లో ఆమెకు చెంబు ఇవ్వరు. ఇంటామె వాకిట్లో కడవలోంచే ముంచి, ఎత్తునుంచి దోసిట్లో నీళ్లు పోస్తూ అక్కడే నిలబడేది. పిల్లతో ఒంటరిగా ఒక్క మాట కుదరలేదు. ఆపా గాజులు చూసుకుంది. పన్నెండుకు పన్నెండూ ఉన్నాయి. కొట్టే ఇంట్లో గాజు నిలవదని ఇన్నేండ్లుగా ఆమె నమ్మకం.

వచ్చి నాతో "ఫికర్ చేయకు అక్కా, ఒక్క గాజు పలగలే" అన్నది. మరుసటి నెలా అదే మాట. నేను నిశ్చింతగా తట్ట మోసుకున్నాను.

మూడోసారి పోయినప్పుడు, పిల్ల తలుపు గొళ్లెం తీయడానికి చెయ్యి పైకెత్తింది. గాజులన్నీ మోచేతి దాకా జారాయి. చెయ్యి దించగానే నాలుగు గాజులు వాటంతటవే ఊడి నేల మీద పడ్డాయి. పిసికి పిసికి ఎక్కించిన గాజులవి! తిండి లేక పిల్ల చెయ్యి అంతగా చిక్కిపోయింది.

ఆపా గొంతు మార్చకుండా ఇంటామెతో, "సైజు తప్పింది తల్లీ. స్టేషన్ కాడి దుకాణంల చిన్నయి ఉంటయి, పిల్లను తీస్కపోయి తొడిగిస్త" అన్నది. స్టేషన్‌లో తాండూరు బండి ఎక్కించింది. పిల్ల దారిలో నోరు విప్పింది. చేతులు చిక్కి గాజులు వదులయ్యాక, దెబ్బలు పడేటట్టు కనబడితే ముందుగానే వాటిని తీసి తను పడుకునే గోనెపట్టా కింద దాచేదట. "నువ్వు ముద్దుగ ఏసినవ్ గద ఖాలా, పలుగుతయని తీసిన" అన్నదట.

మర్నాడు ఆ ఇంటి మనిషి మా గని గుత్తేదారును వెంటబెట్టుకొని వచ్చాడు. పిల్లను పంపకపోతే, గాజులామె ఎత్తుకొచ్చిందని కేసు పెడతామన్నాడు. నాకు గనిలో పని ఉండదని గుత్తేదారు అన్నాడు. మా గల్లీ పెద్దమనిషి కూడా, "పెద్దోళ్లతోని మనకెందుకమ్మా, పంపరాదు" అన్నాడు. నేను తిట్లు అందుకున్నాను. ఆపా నా భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు జర ఆగక్కా. తప్పు నాది, నేను చెప్త." అందరి వైపు తిరిగింది. "రెండుసార్లు పోయిన. గాజులు సూసి వచ్చిన, పిల్లను సూడలే. కేసు పెట్టుకోరి. ఠాణల గూడ గిదే చెప్త." తర్వాత పిల్ల ముందు కూర్చున్నది. "చెప్తే చెప్పు బిడ్డా. చెప్పకున్నా నిన్ను పంపం."

పిల్ల మెల్లగా చెప్పింది. ఏం చెప్పిందో రాయించను, అది తన సొంతం. వింటున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి పిల్ల చుట్టూ కూర్చున్నారు. అందరికంటే ముందు వచ్చింది పెద్దమనిషి భార్యే. "ఏమయ్యో, ఇప్పుడు పంపమను, సూస్త" అన్నది. ఆయన కండువా సర్దుకుంటూ ఆకాశం చూశాడు. వచ్చినవాళ్లు కాసేపు అరిచి వెళ్లిపోయారు. కేసు రాలేదు. గని పని మాత్రం పోయింది. మళ్లీ పని దొరికేదాకా గల్లీ వాళ్లు వంతులేసుకొని మాకు జొన్నరొట్టెలు పంపారు.

ఆ రోజు కట్టుకున్నదే ఈ కట్టుబాటు. చిన్నపిల్లను పనికి అడిగే ఇల్లు ఏదైనా, మేము ఇద్దరం ఆడవాళ్లం ఎప్పుడు వచ్చినా పిల్లను బయటికి పంపి ఒంటరిగా మాట్లాడనివ్వాలి. ఒప్పుకోని ఇంటికి పిల్ల లేదు. ఇద్దరు ఎందుకంటే, "ఒక్కదాని కండ్లు మోసపోతయి, నావి పోలేదా?" అనేది ఆపా. "మంచిగనే ఉన్న అనే పిల్ల కాడ ఇంకింత సేపు కూసోవాలె" అని కూడా అనేది. కొందరు ఇంటివాళ్లు ఈ తలనొప్పి మాకెందుకని పిల్లలను అడగడమే మానేశారు. అట్లా మిగిలిన పిల్లలను చెయ్యి పట్టుకొని బడికి తోలాం. ఇప్పుడు మా గల్లీ పిల్లల్లో పనిలో ఉన్నది ఒక్కతే, వికారాబాద్‌లో. వచ్చే ఏడు దాన్ని కూడా బళ్లో వేస్తాం.

నిన్న బేస్తవారం నేనూ ఆపా కోడలూ వికారాబాద్ పోయాం. మేము పిలవకముందే ఆ పిల్ల ఇంట్లోంచి ఉరికి వచ్చింది, చేతికంటిన పిండి కూడా కడుక్కోలేదు. అరుగెక్కి మా ఇద్దరి మధ్యన ఇరుక్కొని కూర్చున్నది. అమ్మగారు నిన్న బెల్లం ముక్క చిన్నది ఇచ్చిందట. తాతయ్య గురకకు నిద్ర పట్టడం లేదట. మేక తన రిబ్బన్ తినేసిందట. స్టేషన్ వైపు నుంచి మా బండి కూత వినబడింది. కోడలు నా వైపు చూసింది, లేవలేదు.

"పోకురి, ఇంకా మస్తు ముచ్చట్లున్నయ్" అన్నది పిల్ల, కాళ్లు ఊపుకుంటూ.