వెనక నుంచి పిలవని గోలీ

పదకొండు ఆటలు ఆడాం, పదకొండూ ఓడిపోయాం. ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో కప్పు లేదు, పూలదండ లేదు. బరంపురంలో బట్టల హోల్‌సేలు వ్యాపారం చేసే బాబూరావు గారు నెలజీతాలిచ్చి పెట్టిన ఫుట్‌బాల్ టీము మాది. లీగులో ఏడు టీములుంటే మాది ఏడోది. ఎనిమిదో ఓటమి తర్వాత కోచ్ తన తల్లికి బాగోలేదని ఊరెళ్ళాడు. ఆవిడకి ఇంకా నయం కాలేదనుకుంటాను, ఆయన మళ్ళీ రాలేదు. కాలేజీ మానేసి ఖాళీగా తిరుగుతున్న నేను టీము వ్యాను నడిపేవాణ్ణి, ఆటలు ఫోన్లో వీడియో తీసేవాణ్ణి.

మా గోలీ, అంటే గోల్‌కీపరు, దాలయ్య. ముప్పై మూడేళ్ళు, రామయ్యపట్నం జాలరి. అరచేతులు చేటలంత ఉంటాయి. ఎదుటివాడు ఒక్కడే బంతి తీసుకుని మీదికొస్తే దాలయ్యని దాటడం కష్టం. అయినా ముప్పై ఎనిమిది గోల్స్ తిన్నాం. గోలు పడినప్పుడల్లా గ్రౌండు గట్టు మీద కూర్చున్నవాళ్ళు ఒకటే కేక:

"ఒరే దాలిగా, వల ఎత్తరా, నిండిపోనాది!"

దాలయ్య నవ్వేసి వలలోంచి బంతి తీసేవాడు. వ్యానులో మాత్రం నా పక్కన కూర్చుని, చేతి తొడుగులు ఒళ్ళో పెట్టుకుని, ఊరొచ్చేదాకా వాటి కుట్లే పీకుతుండేవాడు.

పదకొండో ఆట అయ్యాక బాబూరావు గారు వ్యాను దగ్గరికొచ్చారు.

"ఏటయ్యా దాలయ్యా, ఇంత మనిషివున్నావు, ఇన్ని గోల్సేటి? ఆఖరాట ఖల్లికోట ఓళ్ళతో. గెలవమనట్నేదు, సమానం సేసినా సాలు. సేస్తే వచ్చే ఏడూ నువ్వే గోలీవి. నేదంటే కటకం కుర్రోడొకడున్నాడు, మాటాడీసినాను."

మిగతావాళ్ళకి ఏదో ఒక దారుంది. కుర్రాళ్ళు ఇంకో టీము చూసుకుంటారు, షాపులున్నవాళ్ళు షాపులో కూర్చుంటారు. దాలయ్యకి మిగిలేది బావమరిది పడవలో ఒక చోటు. చాన్నాళ్ళుగా రమ్మంటున్నాడు. జాలరి ఇంట పుట్టినవాడు కదా, ఎక్కితే ఏం పోయింది అనుకున్నాను. కానీ దాలయ్య పందొమ్మిదేళ్ళుగా పడవెక్కలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎందుకో ఎవరూ చెప్పరు.

నేను ఇంటికెళ్ళి పాత వీడియోలన్నీ సౌండు పెంచి చూశాను. అవతలి గోలీలు తొంభై నిమిషాలూ అరుస్తూనే ఉన్నారు. ఎడమ, కుడి, వదిలెయ్, నాది. మావాడి నోరు ఒక్కసారైనా తెరుచుకోలేదు. చప్పట్లు కొడతాడు, అంతే. మర్నాడు ప్రాక్టీసులో మొహం మీదే అడిగేశాను.

"అన్నా, గోలీ అన్నోడు అరవాల. ముందున్నోళ్ళకి ఎనకాల ఏటవుతోందో నీకే కదా కనబడేది. నోట్లో ఏటెట్టుకున్నావు?"

"ఎల్తన్నోడిని ఎనక నుంచి పిలవకూడదు బావూ."

"ఏటీ?"

"మా ఇళ్ళల్లో పిలవం."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

వెళ్ళేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదని మా అమ్మా అంటుంది. దారిన పోయే మాటే. సముద్రం మీదికి వెళ్ళే ఇళ్ళల్లో అది దారిన పోయే మాట కాదు. అప్పుడు నాకు ఇంకోటి గుర్తొచ్చింది. దాలయ్య భార్య బుల్లమ్మ చేపల బుట్టతో పొద్దున్నే ఆటో అందుకోడానికి బయల్దేరుతుంది. ఏదైనా మర్చిపోతే దాలయ్య కేకెయ్యడు. ఇళ్ళ వెనక నుంచి పరుగెత్తి, చుట్టు తిరిగి, ఆవిడకి ఎదురొచ్చి ఇస్తాడు. నేను రెండు మూడుసార్లు చూశాను. కసరత్తు అనుకున్నాను.

ఖల్లికోటతో ఆట. ఇరవయ్యో నిమిషంలో బంతి ఆకాశంలోకి లేచింది. పూర్ణచంద్ర మా డిఫెండరు, లంజిపల్లి షావుకారు కొడుకు. వాడూ, పక్కవాడూ పైకి చూస్తూ ఒకే బంతికి పరుగెత్తి తలలు గుద్దుకున్నారు. వెనకనున్న దాలయ్యకి ఇద్దరూ కనిపిస్తూనే ఉన్నారు. చప్పట్లు కొట్టాడు. ఖల్లికోటవాడు తాపీగా వచ్చి బంతిని గోల్లోకి నెట్టాడు. "వల ఎత్తరా!" అని గట్టు లేచింది.

విరామంలో పూర్ణచంద్ర నుదుటికి ఐసు పెట్టుకుని మీదికొచ్చాడు.

"నాకు ఎనకాల కళ్ళున్నాయేటన్నా? ఒక్క కేకేస్తే నీ సొమ్మేటి పోద్ది?"

దాలయ్య గడ్డి పీకుతూ కూర్చున్నాడు. పీకుతూనే అన్నాడు.

"మా అన్న సూరన్న. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. పడవ తోసీసినారు. ఆడు పొగాకు సంచి మర్సిపోనాడు. నాను ఇసకలో నిలబడి 'అన్నా' అని కేకేసినాను. ఎనక్కి సూసి నవ్వినాడు. 'నీకే ఒగ్గీసినాన్రా, కాల్సుకో' అన్నాడు. ఎనక్కి రానేదు, కూకోనేదు, నీళ్ళు తాగనేదు. ఎల్లిపోనాడు." ఇంకో గడ్డిపరక పీకాడు. "మూడో దినాన ఒడ్డుకి కొట్టుకొచ్చినాడు."

పూర్ణచంద్ర ఐసు పక్కన పెట్టాడు. నేనైతే ఇదంతా ఉత్తదే అని వాదించేవాణ్ణి. వాడు వాదించలేదు.

"అన్నా, ఎనక్కొచ్చి, కూకుని, నీళ్ళు తాగి ఎల్తే మరి దోషం నేదు కదా? మా నాన్న షాపుకెల్తంటే ఎవుడైనా పిలిస్తే మా అమ్మ అదే సేయిస్తాది."

"నేదు. తాగి ఎల్తే నేదు."

"అయితే పిలు."

వాడు గ్రౌండు వైపు పదడుగులు నడిచి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. దాలయ్య లేచాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"పిలన్నా! రిఫరీ విజిలేసేత్తన్నాడు!"

"పూర్ణా."

పక్కింటి పిల్లి కూడా తిరిగి చూడనంత చిన్నగా వచ్చింది ఆ పిలుపు. పూర్ణచంద్ర తిరిగి చూశాడు. వెనక్కి వచ్చాడు, గడ్డిలో చతికిలబడ్డాడు, సీసా ఎత్తి గటగటా తాగాడు, లేచి వెళ్ళాడు. తర్వాత మిగతా ముగ్గురు డిఫెండర్లూ వరసగా వెళ్ళారు, పిలిపించుకున్నారు, వచ్చి కూర్చుని తాగారు. నాలుగోవాడు సీసా పట్టుకుని, "నాకు కడుపు నిండిపోనాదన్నా, గుక్క సాలా?" అన్నాడు.

"సాలు," అన్నాడు దాలయ్య. గొంతు కొంచెం పెరిగింది.

ఏం జరుగుతోందని రిఫరీ ఒడియాలో అడిగాడు. పూజ అని చెప్పాను.

రెండో సగంలో ఆ గొంతు విన్నాను. అది గ్రౌండులో పుట్టిన గొంతు కాదు, కెరటాల హోరు మీద అవతలి పడవకి వినబడాల్సిన గొంతు. "పూర్ణా, ఎడం సెయ్యి!" అంటే గట్టు మీద జంతికలు తింటున్నవాళ్ళు కూడా ఎడమకి చూశారు. "ఎనకాలొకడున్నాడు! ముందుకి రండి! ఒగ్గీ!" పందొమ్మిదేళ్ళ కేకలన్నీ దాచిపెట్టుకున్నట్టున్నాడు. ఖల్లికోటవాళ్ళకి ఆ సగంలో దారి దొరకలేదు.

డెబ్భయ్యో నిమిషంలో మాకో గోలు వచ్చింది. చూడ్డానికి బాగుండని గోలు. ఎవడో తన్నాడు, ఎవడి మోకాలికో తగిలింది, లోపలికెళ్ళింది. అది నాదంటే నాదని ఇప్పటికీ తగువే. ఒకటి, ఒకటి.

ఆఖరి నిమిషాల్లో పక్క నుంచి బంతి ఎత్తుగా గోలు ముందుకి వచ్చింది. మళ్ళీ పూర్ణచంద్ర తల పైకెత్తి పరుగెత్తాడు. మళ్ళీ పక్కవాడూ కదిలాడు.

"పూర్ణా, ఒగ్గీ! నాదీ!"

వాడు తల వంచేశాడు. దాలయ్య వాడి మీదుగా లేచి, రెండు చేతులా బంతి అందుకుని, కిందపడి, దాన్ని పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. విజిల్ వేశాక కూడా లేవలేదు. పూర్ణచంద్ర లేవదీయాల్సి వచ్చింది.

"ఒరే దాలిగా, ఇయాల ఒక్కటేనేట్రా పడింది?" అని గట్టు మీద నుంచి అరిచారు.

"ఇయాల పోటు మీదున్నాది సముద్రం, సేప పడదు!" అని తిరిగి అరిచాడు దాలయ్య. వాళ్ళకి అతను జవాబివ్వడం అదే మొదలు.

మేం ఏడో స్థానంలోనే ఉన్నాం. ఒకే ఒక్క పాయింటు. ఆరోవాళ్ళకి తొమ్మిది.

మర్నాడు తెల్లారుతుండగానే బాబూరావు గారు ఫోన్ చేశారు. "ఆడికి సెప్పు, ఆడే ఉంటాడు. ఆ నీళ్ళ యవ్వారం మాత్రం ఆటకి ముందే సేసుకోమను." నేను వ్యాను తీసుకుని రామయ్యపట్నం వెళ్ళాను. దాలయ్య అరుగు మీద తొడుగులు కుట్టుకుంటున్నాడు. విన్నాడు. సూది తొడుగుకి గుచ్చి పక్కన పెట్టాడు.

"మా బావమరిదికి సెప్పాల," అన్నాడు. "ఆ సోటు ఇంకెవుడికైనా ఇచ్చీమని."

అంతలో బుల్లమ్మ బుట్ట నెత్తికెత్తుకుని నా పక్క నుంచి వెళ్ళిపోయింది. ఆవిడ ఫోను అరుగు మీదే ఉంది. దాలయ్య చూశాడు. ఫోను తీసుకుని నిలబడ్డాడు, నోరు తెరిచాడు. నేను చూస్తున్నాను. నోరు మూసుకుని, ఇళ్ళ వెనక నుంచి పరుగందుకున్నాడు.

నేను వ్యాను దాకా నడిచేసరికి మలుపులో ఇద్దరూ ఎదురుబొదురుగా ఉన్నారు. అతను రొప్పుతున్నాడు.

"నిన్న బరంపురమంతా ఇనబడేలా అరిసినావంట," అంటోంది బుల్లమ్మ. "ఇంటికాడ నోరు పడిపోనాదేటి?"

"ఆళ్ళు ఎనక్కొచ్చి నీళ్ళు తాగినారు," అన్నాడు దాలయ్య ఫోను ఆవిడ చేతిలో పెడుతూ. "నువ్వు తాగవు. నీకు ఆటో తొందర."