అమ్మ చెప్పే ‘కొంచెం’

ఇప్పుడు పులివెందులలో మా వంటింట్లో ఎండుమిరపకాయలు వేయించినప్పుడల్లా ఆ ఘాటుకు నాకు ముందు దగ్గు వస్తుంది, దాని వెనకాలే ఇంగ్లీషు వ్యాకరణం గుర్తొస్తుంది. నవ్వకండి, మా ఇంట్లో అది అలాగే నేర్పారు.

నా చిన్నప్పుడు మేం జమ్మలమడుగులో ఉండేవాళ్లం, నాయన అక్కడి బడిలో ఇంగ్లీషు అయ్యవారు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం ఎండకు వీధి తలుపు మూసేసి, అమ్మ వేడి రాగిసంగటి ముద్దలు, ఎండుమిరపకాయలు వేసి రోట్లో నూరిన చెనక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, పైన ఇంత నెయ్యి వేసి పెడుతుంటే, ఆయన నన్నూ తమ్ముణ్నీ ముద్దకొక ఇంగ్లీషు మాట అడిగేవాడు. నాలుక కాస్త చురుక్కుమంటే ‘ఎ లిటిల్ హాట్’, చెవులు వేడెక్కితే ‘వెరీ హాట్’, తినలేక నీళ్లచెంబు కోసం లేస్తే అప్పుడు ‘టూ హాట్’. ఊరికే ‘వెరీ’ అన్నామా, ఇంకో ముద్ద తిని రుజువు చేయాల్సిందే.

అందరం తిన్నాక, రోటి అడుగున మిగిలిన కారమంతా సంగటితో ఊడ్చుకుని అమ్మ తినేది. నుదుటి నిండా చెమట. ఎట్లుందని అడిగితే “కొంచెం కారం” అనేది. నాయన పకపకా నవ్వి ఆమెకు సున్నా మార్కులు వేసేవాడు.

ఒక ఏడు బడి తెరిచిన వారానికే అమ్మకు కడుపునొప్పి వచ్చింది.

“యాడ నొస్తాంది? శానా ఉందా?” అన్నాడు నాయన.

“కొంచెమేలే. నువ్వు బడికి పో.”

రెండు రోజులు అదే మాట. నాయన జీలకర్ర కషాయం కాచి ఇచ్చి బడికి వెళ్లాడు. మూడో రోజు పొద్దున అమ్మ పొయ్యి దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది, నుదుటి నిండా అదే చెమట. ఇంకా ఎవరూ ఏమీ తినలేదు. సైకిలెక్కబోతున్న నాయన దగ్గరికి పరుగెత్తాను.

“నాయనా, అమ్మ కొంచెమంటే కొంచెం గాదు. కారం తినేటప్పుడు సూళ్లేదా నువ్వు?”

ఆయన సైకిలు అక్కడే పడేశాడు. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో అప్పటికప్పుడు ఆపరేషను చేశారు. ఇంకో పూట ఆగుంటే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. నాయన మంచం పక్కన కూర్చుని, “పిల్లోల్ల మాటలకంతా కొలత పెడ్తి, నీ మాట ఒగనాడన్నా కొలవకపోతి” అని ఏడ్చాడు. కుట్లతో పడుకున్న అమ్మే ఆయన్ను ఓదార్చింది.

ఇప్పుడు ఆ రోలు లేదు, నాయన లేడు, పోయినేడు అమ్మ కూడా పోయింది. నా పిల్లలు ఇంగ్లీషు ఫోనులో నేర్చుకుంటున్నారు. ఆపరేషను తర్వాత అమ్మ ముప్పై ఏళ్లు బతికింది. అన్నేళ్లలో ఒక్కసారైనా పక్కన కూర్చుని, ఆ మూడు రోజులూ నిజంగా ఎంత నొప్పి పడ్డావమ్మా అని నేను అడగలేదు. ఏం చెప్పేదో నాకు తెలుసు. అయినా అడగాల్సింది.