నా చేతిని చూసి మాండలిన్ మెడ చెక్కిన ఎర్రిస్వామన్న

నిన్న మధ్యాహ్నం రాయదుర్గంలో జీన్స్ యూనిట్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. "ఎర్రిస్వామన్న పోయినాడక్కా."

సరే అని ఫోన్ పెట్టేసి ఇంకో రెండు జిప్‌లు కుట్టాను.
అప్పుడు అర్థమైంది. మిషన్ ఆపి బయటికి వెళ్లి కూర్చున్నాను.

తెలియనివాళ్ల కోసం. బెళుగుప్ప దగ్గర రేకుల షెడ్‌లో అన్న మాండలిన్లు చేసేవాడు. ఆయనకు ఒక్క పాట కూడా వాయించడం రాదు. అదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నా ఎడమచేతి బొటనవేలు కటింగ్ మిషన్‌లో పడి కీలు బిగుసుకుపోయింది. అంతకుముందు పన్నెండేళ్లు మా భజన గుంపులో మాండలిన్ నాదే. దెబ్బ తగిలాక మెడ పట్టుకుంటే నిమిషానికే చెయ్యి లాగేసేది. ఆర్నెల్లు భజనకే పోలేదు. పక్కవీధిలో వినబడితే తలుపేసుకుని ఏడ్చేదాన్ని.

కొత్తది చేయించుకుంటే సరిపోతుందనుకున్నా. బెంగళూరు నుంచి రోజ్‌వుడ్ ముక్క తెప్పించి, ఫోన్‌లో నాకు నచ్చిన మాండలిన్ ఫోటో పట్టుకుని అన్న దగ్గరికి పోయాను. పైన వంకీ, కింద కొమ్ములు, భలే స్టైల్.

అన్న ఫోటో చూడలేదు. నా చెయ్యి చూశాడు.

తర్వాత కొడవలి పిడి చేతికిచ్చి పట్టుకోమన్నాడు. ఆ తర్వాత పార కర్ర. ఆ తర్వాత వదిన వంటింట్లోంచి చపాతీ కర్ర.
"యాడ నొప్పి లేదో ఆడ చెప్పు పాపా."
మాండలిన్ కోసం వస్తే చపాతీ కర్ర ఇస్తాడేంది అని నాకు ఒళ్లు మండింది.

అప్పుడు చూశాడు ఫోటో. "కింద కూర్చుంటే ఈ కొమ్ము తొడకు గుచ్చుకుంటాది. గుండు వీపు పెడితే జారతాది, ఎడమచేత్తోనే ఆపుకోవాల. నీ చేతికి ఆ పని పెట్టగూడదు" అన్నాడు.

బాదంపప్పు ఆకారం, చదును వీపు. అదీ ఆయన తీర్పు.

మెడకు నా రోజ్‌వుడ్ కూడా వద్దన్నాడు. వాళ్ల నాయన బావి మీద ఎద్దులతో నీళ్లు తోడిన కాలం నాటి టేకు దూలం తీశాడు. బావి ఎండి ఎన్నేళ్లో.
"తాగాల్సిన నీళ్లు తాగినాది, కాగాల్సిన ఎండ కాగినాది. ఇంక మెలి తిరగదు. నీది పచ్చిది. ఈడ పెట్టిపో, మూడు ఎండాకాలాలు పోనీ."

నాలుగుసార్లు పిలిపించుకున్నాడు. పోయినప్పుడల్లా మాండలిన్ నా చేతిలో పెట్టి, నా మొహం చూసి, బొటనవేలు ఆనేచోట ఇంకాస్త చిత్రిక పట్టేవాడు.
ఐదోసారి పోయినప్పుడు ఒక పాట మొత్తం వాయించాను. నొప్పి రాలేదు. ఏడుస్తా చూస్తే ఆయన రంపానికి ఆకురాయి పెడుతున్నాడు.

దేవుడు నా చెయ్యి మళ్లీ ఇచ్చాడని అందరూ అన్నారు. నేను ఎర్రిస్వామన్న అనే చెప్పేదాన్ని.

ఈ పొద్దున మట్టి ఇచ్చి వచ్చాక వదిన షెడ్ తెరిచింది. "నీ చెక్క ఉండాది, తీసకపో పాపా."
వాసాల మీద నా రోజ్‌వుడ్. దాని మీద సుద్దతో నా పేరు, పక్కన రెండు గీతలు. ఎండాకాలానికి ఒకటి.

చేతిలోకి తీసుకున్నా. మళ్లీ ఉన్నచోటనే పెట్టేసి వచ్చాను.

మూడో గీత నేను గీస్తాలే, ఎర్రిస్వామన్నా.
ఎండలో చానా కష్టపడినావు. ఇంక చల్లగా నీడన ఉండు.