ఎండకు ఆరిపోయే అక్షరాలు

అరబ్బు దేశంలో, హిద్ ఓడల యార్డులో మా ఫోర్‌మన్ చైనా ఆయన. టీ టైము రాగానే కుంచెను బకెట్ నీళ్లలో ముంచి సిమెంటు నేల మీద తమ అక్షరాలు రాసేవాడు. ప్రతి అక్షరం గడిలో కూర్చున్నట్టు నిటారుగా, ఏ గీతకా గీత విడిగా ఉండాలట. నాలుగోది రాసేలోపు మొదటిది ఎండకు ఆరిపోయేది.

పెయింటుతో రాస్తే ఉండిపోతుంది కదా భాయ్ అని వచ్చీరాని హిందీలో అడిగాను.

"గల్తీ భీ రహేగా" అన్నాడు. తప్పు కూడా ఉండిపోతుందట.

ఒకరోజు మబ్బు పట్టి అక్షరాలు ఆరలేదు. అంతలో చైనా నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు అటే నడిచొచ్చాడు. మా ఫోర్‌మన్ ఒక్క ఉదుటున లేచి, బకెట్ మొత్తం వాటి మీద కుమ్మరించి, "యల్లా, డ్యూటీ!" అని మా మీద అరిచాడు.

మా చేతుల్లో టీ ఇంకా పొగలు కక్కుతోంది.

"గల్తీ జర పెద్దదే ఉన్నట్టుందన్నా" అన్నాడు పక్కనున్న జగిత్యాలాయన.