మైకు నొక్కి అడిగిన మాట

ఉదయగిరిలో మేము చెక్క గరిటెలు చేసి అమ్ముతాం. ఆ రోజు గరిటె నున్నగా రావడానికి ఉప్పు కాగితం రుద్దుతూ, చెమట తుడుచుకోబోతే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. శనగగింజంత ఉంది. నొప్పి లేదు. కొంగు సర్దుకుని మళ్లీ గరిటె అందుకున్నాను.

నాకు చదువు రాదు. ఇది కూడా నేను చెబుతుంటే నా కోడలు రేష్మా రాస్తోంది. చదువుకున్నవాళ్లు టైపు చేసి ఫోన్‌ను గుట్టుగా అడుగుతారు. నేనైతే మైకు గుర్తు నొక్కి పైకి అనాలి. అదీ పైకే జవాబు చెబుతుంది. మాది ఒక్క గది ఇల్లు. భర్త, కొడుకు ఎదురుగా ఉంటే రొమ్ము అనే మాట ఎలా అనేది?

శుక్రవారం మగవాళ్లు నమాజుకు వెళ్లినప్పుడు, ఛార్జింగులో ఉన్న కొడుకు ఫోన్‌లో అడిగాను. వీడియోలో ఒకాయన, నొప్పి లేకపోతే భయం లేదు, ఆకు నూరి కట్టమన్నాడు. నాకు కావాల్సిన మాటే చెప్పాడు. కొన్ని నెలలు కట్టాను. గడ్డ పెరిగింది.

ఒకసారి అడిగితే ఫోన్ ఊరుకోదు. కొడుకు ఎప్పుడు తెరిచినా అవే వీడియోలు. వాడు నన్ను అడగలేక ఫోన్ పెళ్లాం చేతిలో పెట్టాడు.

“అత్తా, ఇవి నువ్వు చూసినావా?” అంది రేష్మా.

సిగ్గుతో చచ్చిపోయాను. తల ఊపాను.

రేష్మా ఆత్మకూరు తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ, “నొప్పి లేదని ఊరుకున్నావా? లేకపోయినా రావాల్సిందేనమ్మా” అని నెల్లూరు పంపింది. మామోగ్రామ్, బయాప్సీ చేశారు. క్యాన్సర్ అన్నారు. కొడుకు ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఫ్యాన్ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఆపరేషన్‌లో రొమ్ము తీసేశారు. కీమో మధ్యలో జ్వరం వచ్చింది. “రక్తంలో కౌంట్స్ పడిపోయినాయి, ఇప్పుడు మందు ఎక్కించలేం” అని వాయిదా వేశారు. జుట్టు రాలితే, అది వేరే ఎవరి జుట్టో అన్నట్టు ఊడ్చి పారేశాను.

ఇప్పుడు చెకప్‌లకు వెళ్తున్నాను. ఎడమ చేయి వాస్తుంది, బరువు పని చేయలేను. హాస్పిటల్ కాగితాలు రేష్మా చదివి ఫోన్‌లో రికార్డు చేసింది. అవసరమైనప్పుడు వింటాను.

మొన్న పక్కింటి రమణమ్మ వచ్చి ఆ మాటా ఈ మాటా చెప్పింది. చివరికి, “అక్కా, మీ ఫోన్ ఒకసారి ఇస్తావా?” అంది.

ఇవ్వలేదు. “యాడ?” అని అడిగాను.

పైట మీద చెయ్యి పెట్టింది. “నొప్పేం లేదులే అక్కా.”

“చెప్పులేసుకో” అన్నాను. దొరికిన బస్సుకే ఆత్మకూరు తీసుకెళ్లాను.

గడ్డ తగిలితే, నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించండి. ఫోన్‌ను అడగాలన్నా మనం నోరు తెరవాల్సిందే. ఆ మాటేదో ఇంట్లో మనిషితోనే అనండి.