తాళి సూట్‌కేసులో, అత్త విమానంలో

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు స్నేహితులు అడిగారు, అమ్మానాన్నలను మొదటిసారి విమానం ఎక్కిస్తున్నాం, ఏం జాగ్రత్తలు చెప్పాలి అని. ఈ విషయంలో సలహా ఇచ్చే అర్హత నాకు పుష్కలంగా ఉంది. నేను చేసిన ఘనకార్యం అట్లాంటిది. ఐదేళ్ళ కిందట, రెండు వేల రెండులో, మా నాగమ్మత్తను బెంగళూరు నుంచి హైదరాబాదుకు విమానంలో తీసుకెళ్ళాను. ఆమె మా నాన్న చెల్లెలు. ఆమె, చెన్నప్ప మామ బెంగళూరు పక్కనున్న హొసకోటెలో ఉంటారు. వాళ్ళకు పిల్లల్లేరు. నన్ను తమ ఇంట్లోనే పెట్టుకుని చదివించారు. ఆ ఏడు ఫ్యాక్టరీ వాళ్ళు ఫిట్టర్ పని మీద మామను హైదరాబాదు పంపితే, అక్కడ ఆయనకు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. బైపాస్ గురువారం అన్నారు. మేము బుధవారం రాత్రి బస్సుకు టికెట్లు తీసుకుని ఉన్నాం. మంగళవారం పొద్దున ఆరుకు మామతో పనిచేసే ఆయన ఫోన్ చేసి, రాత్రి మళ్ళీ నొప్పి వచ్చిందని, ఆపరేషన్ ఈరోజే మధ్యాహ్నం రెండింటికని చెప్పాడు. బస్సుకు ఒక రాత్రి పడుతుంది, రైలుకూ అంతే. లోపలికి తీసుకెళ్ళే ముందు అత్త ఆయన్ను ఒక్కసారి చూడాలంటే విమానం తప్ప దారి లేదు.

నేను బెంగళూరులో, మారతహళ్ళిలో ఉండేదాన్ని. అత్తకు ఫోన్ చేసి ఒక్క గుక్కలో చెప్పేశాను: "ఎనిమిదికి టాక్సీలో వస్తా, తయారుగా ఉండు అత్తా. అక్కడ మనుషుల్ని మెషిన్‌లోంచి పంపిస్తారు. ఒంటి మీద లోహం ఉంటే కూస్తుంది, అట్లాంటివేవీ పెట్టుకోవద్దు." నా మనసులో ఉన్నవి పిన్నీసులు, తాళంచెవులు. ఆ మాట విడమరిచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. చిన్నప్పటి నుంచీ నాది తొందర ప్రాణం.

హొసకోటె పోయి, అత్తను ఎక్కించుకుని విమానాశ్రయం చేర్చడానికి టాక్సీ అతను ఆరువందలు అడిగాడు. పాత మద్రాసు రోడ్డు మీద లారీల వెనక ఇరుక్కున్నప్పుడు నేను వాచీ చూసుకుంటుంటే, "టెన్షన్ వద్దక్కా, ఆపరేషన్ అంటుండారు గదా, నేను వదుల్తానా?" అన్నాడు. అన్నట్టే తొమ్మిదింబావుకు దింపాడు. అత్త దారంతా కొంగు మెడచుట్టూ కప్పుకునే కూర్చుంది. చలేస్తోందేమో అనుకున్నాను.

పదీ నలభై విమానానికి కౌంటర్లోనే టికెట్లు దొరికాయి, మనిషికి మూడున్నర వేలు. వాకిట్లోనే అత్త సూట్‌కేసును ఎక్స్‌రేలో పెట్టారు. అందులో అడకత్తెర కనిపించింది. వక్కలు లేనిదే మా అత్తకు పొద్దు గడవదు. అది చేతిసామానులో కుదరదు, విమానం కడుపులోకి పోయే సామానులో వేసుకోండి అన్నారు. నేను మారుమాట లేకుండా పెట్టె మొత్తం కౌంటర్లో ఇచ్చి చీటీ తీసుకున్నాను. అత్త ఆ పెట్టె కనుమరుగయ్యేదాకా అటే చూసింది.

ఆడవాళ్ళను తనిఖీ చేసే తెర వెనక ఉన్న కానిస్టేబులమ్మది కోలారు వైపు. అత్త కొంగు తీయించి చూసి, చేతిలోని తనిఖీ కర్ర ఆపేసింది. "ఏమమ్మా, పసుపుకొమ్ము కట్టుకోనుండావు? తాళి ఏమాయ?" అని అడిగింది.

"పెట్టెలో పెట్టినా తల్లీ. మెషిన్ కూస్తాదంట గదా. ఉత్త మెడతో రాకూడదని ఇది కట్టుకున్యా."

"అయ్యో దేవరే! దినానికి ఎంతమంది ఆడోళ్ళు తాళితోనే పోతారీడ! కూస్తే కూయనీ, నేను చేత్తో చూసి పంపిస్తాను గదా. తీయమని ఎవురన్నారు నీకు?"

నేను వెనకే నిలబడి ఉన్నాను. అత్త నావైపు కన్నెత్తి కూడా చూడలేదు. "ఎవురూ అనలేదులేమ్మా, నాకే తెలీలేదు" అంది. కాళ్ళ వైపు చూశాను. మెట్టెలూ లేవు. మొగుడికి గుండె కోసే రోజున, నా మాట పట్టుకుని ఆ మనిషి తాళి తీసి పెట్టెలో పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

కానిస్టేబులమ్మ జాలిపడి, విమానం మెట్ల దగ్గర అడిగి చూడమంది. ఆ రోజుల్లో విమానం పక్కన సామానంతా వరసగా పేర్చేవారు. మన పెట్టె మనం వేలు పెట్టి చూపిస్తేనే లోపలికి ఎక్కించేవారు. ఎవరూ చూపించని పెట్టె నేల మీదే ఉండిపోయేది. అత్త తన సూట్‌కేసు చూపించి, "ఒక్క నిమిషం తెరుస్తాను నాయనా" అని బతిమాలింది. "తనిఖీ అయిన పెట్టె ఇక్కడ తెరవకూడదు పెద్దమ్మా, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు అక్కడున్నతను. అతని ముఖంలో కూడా బాధ కనిపించింది. అడుగు దూరంలో ఉన్న తాళిని అక్కడే వదిలి అత్త మెట్లెక్కింది.

విమానం యాభై నిమిషాలు ఆలస్యంగా లేచింది. కిటికీ పక్క సీటు ఇస్తే అత్త ఒక్కసారి కూడా బయటికి చూడలేదు. పసుపుకొమ్మును గుప్పిట్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇచ్చిన ఫలహారం ముట్టలేదు. "నన్ను తిట్టు అత్తా" అన్నాను. "తిట్టేదానికి నోరు రావాల గదే" అంది.

బేగంపేటలో దిగేసరికి పన్నెండున్నర దాటింది. సామాను వచ్చే బెల్టు కదలడం లేదు. పావుగంట నిలబడ్డాం. పెట్టె కోసం ఆగితే మామను చూసే వేళ దాటిపోతుంది. వదిలేసి పోదామని ఆమెతో నేనెట్లా చెప్పను? చేసిందంతా నేనాయె. చివరికి అత్తే నా చెయ్యి పట్టుకుంది. "బంగారం యాడికి పోతాది? రేపైనా దొరుకుతాది. పా జయా, ఆయప్ప కాచుకోనుంటాడు."

ఆటో అతనికి సంగతి చెబితే, "కూసోండ్రి, ఇర్వై నిమిషాల్ల దింపుతా" అని, దింపాక మీటరు మీద రూపాయి ఎక్కువ తీసుకోలేదు. రెండో అంతస్తుకు మెట్ల మీదే పరిగెత్తాం. చెన్నప్ప మామ ఆకుపచ్చ గౌనులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో నడుము గట్టిగా పట్టుకుని ఉన్నాడు. పక్కన స్ట్రెచర్, నర్సు.

"మీరైనా చెప్పండమ్మా" అంది నర్సు. "థియేటర్లోకి పోయేవాళ్ళ ఒంటి మీద దారప్పోగు కూడా ఉండకూడదండీ. గంట నుంచి బతిమాలుతున్నాం, మొలతాడు తియ్యనివ్వడం లేదు."

మా వైపు మగవాడి మొలతాడు భార్య పోయిన రోజున తెంపుతారు. బతికున్న భార్య గల మగవాడు దాన్ని తియ్యడు.

మామ అత్తనే చూస్తున్నాడు. "నువ్వు విమానంలో వస్తాండావని చెప్పినారు. నువ్వు నేల మీద దిగినావో లేదో తెలీకుండా నేనెట్ల తీసేదే?" అన్నాడు. అంతలో ఆయన చూపు ఆమె మెడ మీద పడింది. "నీ తాళి యాడ?"

"పెట్టెలో ఉండాది. ఆడ మెషిన్ కూస్తాదని నేనే తీసినా" అంది అత్త. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మొదట నవ్వింది మామే. అత్త మంచం మీద ఆయన పక్కన కూర్చుని, గౌను కిందికి చెయ్యి పెట్టి, ఆ నల్లతాడు ముడి తనే విప్పింది. "తెంపలేదు, ముడి విప్పినా, అంతే. మళ్ళ నేనే కడతా" అంది. అప్పుడు ఆయన లేచి స్ట్రెచర్ ఎక్కాడు. నాలుగు గంటలసేపు ఆమె ఆ తాడును గుప్పిట్లో పట్టుకుని బయట కూర్చుంది. డాక్టరు వచ్చి అంతా బాగుందని చెప్పాకే నేను విమానాశ్రయానికి పోయి సూట్‌కేసు తెచ్చాను, అత్త తాళి మెడలో వేసుకుంది. పదో రోజు మామ ఒంటికి నీళ్ళు పోసుకున్నాక, అత్త తాడు కట్టింది.

మామ ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. నేను ఆ తర్వాత ఉద్యోగం మీద ఎన్ని విమానాలెక్కానో లెక్క లేదు. తనిఖీ వరసలో నిలబడినప్పుడల్లా, ముందున్న పెద్దవాళ్ళ చేతులు మెడ దగ్గర, నడుము దగ్గర తడుముకుంటుంటే నా గుండె చివుక్కుమంటుంది. ఆ నియమాలు పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు, మన ప్రాణాల కోసమే పెట్టారు. తప్పంతా నాలాగా సగం చెప్పి ఫోన్ పెట్టేసేవాళ్ళది. పెద్దవాళ్ళు మనల్ని నమ్ముతారు. మనం తీయమంటే అడక్కుండా తీసేస్తారు, ఎంత బాధగా ఉన్నా ఆ మాట మనతో అనరు. అందుకని ఒక్కటే సలహా. మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళకు ఏమేం తీసేయాలో చెప్పేటప్పుడు, ఇంకో నిమిషం ఆగి, ఏమేం తీయనక్కర్లేదో కూడా చెప్పండి.